ఇన్‌హేలర్ మందు గొంతులోనే ఆగిపోకుండా పీల్చడం ఎలా?

ఉబ్బసంలో మూసుకుపోయేవి ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి గదులు కావు, వాటికి దారితీసే సన్నటి గొట్టాలు. శ్వాసనాళం రెండుగా చీలి, ఆ రెండూ మళ్లీ మళ్లీ చీలుతూ సుమారు 23 అంచెలు పోతాయి. ఆ దారిలోని సన్నటి గొట్టాల చుట్టూ కండరం బిగుసుకుని, లోపలి పొర వాచి, జిగురు కఫం చేరితే పిల్లికూతలు మొదలవుతాయి. మందు చేరాల్సింది అక్కడికే.

అడ్డంకంతా గొంతు మలుపు దగ్గరే. వేగంగా దూసుకొచ్చిన తుంపర ఆ మలుపు తిరగలేక గొంతు వెనక గోడకు అంటుకుపోతుంది. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య బిగించే బోలు గొట్టం, అంటే స్పేసర్ ఉంటే తుంపర జోరు తగ్గుతుంది, పెద్ద బిందువులు దాని గోడలకే ఆగిపోతాయి. అందుకే స్పేసర్ పిల్లలకే అనుకోవద్దు, పెద్దలకూ కావాలి.

మూత తీసి, ఇన్‌హేలర్‌ను నాలుగైదుసార్లు బాగా ఊపి స్పేసర్‌కు బిగించండి. కొత్తదైతే, లేదా చాలా రోజులుగా వాడనిదైతే, దాంతో వచ్చిన కాగితంలో రాసినన్ని పఫ్‌లు (ఒక్కో నొక్కుకు వచ్చే మందు) ముందు గాలిలోకి వదలాలి. నిటారుగా కూర్చుని, స్పేసర్‌కు దూరంగా ఊపిరి పూర్తిగా వదలండి. మౌత్‌పీస్ చుట్టూ పెదవులు బిగించి, ఒకే ఒక్క పఫ్ నొక్కి, 3 నుంచి 5 సెకన్లు నింపాదిగా నోటితో పీల్చండి. తర్వాత 10 సెకన్లు ఊపిరి బిగపట్టండి. చాలామంది వదిలేసేది ఇదే. మందు గొట్టాల గోడల మీద బాగా వాలడానికి ఆ వ్యవధి కావాలి, లేదంటే కొంత బయటికొచ్చేస్తుంది. రెండో పఫ్‌కు అర నిమిషమైనా ఆగి, మళ్లీ ఊపి వేసుకోండి.

రోటాక్యాప్‌లకు, అంటే పరికరంలో పెట్టి పీల్చే పొడి మందు గొట్టాలకు (క్యాప్సూల్స్) మాత్రం పద్ధతి తలకిందులు. ఆ పొడిని విడగొట్టేది మీ పీల్పే కాబట్టి గట్టిగా, వేగంగా, లోతుగా లాగాలి. పరికరంలోకి ఊదితే తేమకు పొడి గడ్డకడుతుంది.

స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోట్లో తెల్లపూత రావచ్చు. స్పేసర్‌ను వారానికోసారి గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో కడిగి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వండి. ప్లాస్టిక్‌ను తుడిస్తే పుట్టే స్థిరవిద్యుత్తు మందును గోడలకే లాగేస్తుంది. హైదరాబాద్ మే ఎండల్లో ఇన్‌హేలర్‌ను బండి డిక్కీలోనో కారులోనో వదలకండి.

ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బుటమాల్ నిమిషాల్లో కండరాన్ని వదులు చేస్తుంది, వాపును తగ్గించదు. వాపు తగ్గించేది స్టెరాయిడ్, దాని పూర్తి ఫలితానికి వారాలు పట్టొచ్చు. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు వేసుకున్నా సరే, డాక్టర్ రాసిన రోజువారీ ఇన్‌హేలర్‌ను ఆపొద్దు. ఆపితే వాపు తిరగబెడుతుంది.

ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలం తిరిగినా, డాక్టర్ చెప్పిన పఫ్‌లు వేసినా ఆయాసం తగ్గకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా మనిషిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, సాల్బుటమాల్‌ను స్పేసర్‌తో ఒక్కో పఫ్ చొప్పున ఇస్తూ ఉండండి.