చిన్న తెరచాప పడవ మోటారు మాటిమాటికీ మొరాయిస్తుంటే

తెరచాప పడవ వెనక బిగించే 4–6 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు తిరిగేది తక్కువ, ఊరికే ఉండేది ఎక్కువ. జెట్టీ దాటేవరకు కాసేపు, తిరిగొచ్చేటప్పుడు కాసేపు; మిగతా రోజులన్నీ ఉప్పుగాలిలోనే. రోజూ వేటకెళ్లే ఫైబర్ బోటు మోటారుకు రాని రోగాలు దీనికి అందుకే వస్తాయి. ఇలాంటి మోటార్లు అరిగిపోయి ఆగడం అరుదు. నిలవున్న పెట్రోలుతో ఆగేవే ఎక్కువ. పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బొరేటర్ ఒక్కటే కడిగి వదిలేస్తే నెల తిరక్కుండా మళ్లీ అదే తంతు. పని ట్యాంకు దగ్గర మొదలుపెట్టాలి.

మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. చాలా ఔట్‌బోర్డ్ కంపెనీలు 10 శాతం వరకే ఒప్పుకుంటాయి కాబట్టి మీ మోటారు మాన్యువల్‌లో ఏముందో ముందు చూడండి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ గాలి వస్తూ పోతూ ఉంటుంది, దాంతోపాటే తేమ కూడా. ఒక హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ట్యాంకులోని గొట్టం పీల్చేది ఆ అడుగునే. ఆ ద్రవం కార్బొరేటర్ గిన్నెలో నిలిస్తే లోహం తినేసి తెల్లటి పొడి కడుతుంది. కార్బొరేటర్‌లో పెట్రోలు వెళ్లే సన్నటి రంధ్రమున్న జెట్‌ను మూసేది ఆ పొడే.

పరీక్ష తేలిక. ట్యాంకును ఒక మూలకు వంచి, అడుగు పెట్రోలు గాజుసీసాలోకి తీసి అరగంట కదపకుండా ఉంచండి. రెండు పొరలుగా గీత కనబడితే ట్యాంకులోదంతా తీసేయాల్సిందే. కొత్త పెట్రోలు కలిపితే బాగుపడదు. పైన తేలినదాంట్లోనూ ఇథనాల్ పోయి ఆక్టేన్ తగ్గి ఉంటుంది. దాన్ని నీళ్లలో పారబోయకండి, వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీకి ఇవ్వండి. ట్యాంకు కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ట్యాంకుకూ మోటారుకూ మధ్య నీటిని వేరుచేసే 10 మైక్రాన్ల ఫిల్టర్ బిగించండి. ఇకమీదట ఆ వారానికి సరిపడా మాత్రమే పోయండి. నెల దాటినా తేటగా, ఆయిల్ కలపకుండా ఉన్న పెట్రోలైతే స్కూటర్‌లో పోసి వాడేయొచ్చు.

ఇప్పుడు కార్బొరేటర్. చోక్ లాగితేనే నడిచి, లోపలికి నెట్టగానే ఆగిపోతుంటే పైలట్ జెట్ (తక్కువ వేగంలో పెట్రోలు అందించేది) మూసుకుందని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. దాని రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. గిన్నె విప్పి, జెట్ బయటికి తీసి, కార్బొరేటర్ క్లీనర్ కొట్టి వెలుతురుకు పెట్టి చూడండి. గుండ్రంగా, స్పష్టంగా వెలుతురు కనబడాలి. ఉక్కు తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదైతే జెట్ పనికిరాదు. సన్నటి నైలాన్ దారం వాడండి. గిన్నె గాస్కెట్ కొత్తది వేయండి.

ప్రతి ట్రిప్పు చివర పెట్రోలు ఆపి మోటారు దానంతటదే ఆగేదాకా నడపడం చాలామందికి అలవాటే. అది చాలదు, జెట్ కిందిభాగంలో కొంత మిగిలే ఉంటుంది. గిన్నె అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఆ మిగిలింది కూడా సీసాలోకి దించండి. అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే. కార్బొరేటర్ లేని ఇంజెక్షన్ మోటార్లకు ఈ పద్ధతి వర్తించదు.

బాగా నడిచి ఐదు పది నిమిషాలకు ఆగిపోతే మొదట ట్యాంకు మూత మీది గాలి స్క్రూ చూడండి. అది మూసి ఉంటే పెట్రోలు గొట్టం మధ్యలో చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి, అంటే ప్రైమర్ బల్బు, చప్పిడిగా నొక్కుకుపోయి ఉంటుంది. బల్బు ఎంత నొక్కినా గట్టిపడకపోతే గొట్టం కనెక్టర్‌లోని ఓ-రింగ్ గాలి పీలుస్తోంది, లేదా బల్బులోని వాల్వు పోయింది. ఆగబోతున్న మోటారు బల్బు నొక్కితే తేరుకుంటుంటే, గొట్టం బాగానే ఉందని తేలాక, ఫ్యూయల్ పంపులోని డయాఫ్రమ్ (కదిలే పల్చటి పొర) మార్చాలి.

తెరచాప పడవకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అలకు వెనకభాగం లేచినప్పుడు ఫ్యాను (ప్రొపెల్లర్) నీళ్లలోంచి బయటికొచ్చి ఇంజిన్ ఒక్కసారిగా కీచుమంటుంది. ఇంజిన్ నుంచి ఫ్యాను దాకా దిగే షాఫ్టు 15 అంగుళాలదైతే ఇది తప్పదు. 20 అంగుళాలది, వెనకభాగం ఎత్తుంటే 25 అంగుళాలది తీసుకోండి. మోటారు విప్పి పడుకోబెట్టేటప్పుడు ఏ పక్కకో కేసింగ్ మీద గుర్తుంటుంది. ఫోర్ స్ట్రోక్‌ను వేరే పక్కకు పెడితే ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్లి ప్లగ్గు తడుస్తుంది. ఫ్యాను వైపు మాత్రం ఎప్పుడూ ఇంజిన్ కన్నా పైకి రాకూడదు. లోపల నిలిచిన ఉప్పునీళ్లు సిలిండర్‌లోకి పారతాయి.

ఉప్పునీళ్లలో వాడిన ప్రతిసారీ నీళ్లు పీల్చే రంధ్రాలు మునిగేలా మంచినీళ్ల డ్రమ్ములో దించి, న్యూట్రల్‌లో పది నిమిషాలు నడపండి. నీళ్లు లేకుండా కొద్దిసేపు తిప్పినా, ఇంజిన్ చల్లబరిచే నీళ్లు తోడే రబ్బరు రెక్కల చక్రం (ఇంపెల్లర్) కాలిపోతుంది. వాడకం తక్కువైనా దాన్ని ఏడాదికోసారి మార్చండి, ఎందుకంటే కదలకుండా ఉన్న రెక్కలు వంగినట్టే బిగుసుకుపోతాయి. కాకినాడలా బురద నీళ్లున్న చోట ఇంకా ముందే అరుగుతుంది. పాతదాంట్లో రెక్క ఒకటి ఊడి ఉంటే ఆ ముక్క దొరికేదాకా నీటి దారి వెతకండి, లేకపోతే కొత్త ఇంపెల్లర్‌తో కూడా మోటారు వేడెక్కుతుంది. పక్కనుంచి చిమ్మే నీటిధార సన్నబడితే ముందు ఆ రంధ్రంలోకి నైలాన్ దారం పోనిచ్చి చూడండి.

ఇంజిన్ ఆయిల్ 100 గంటలకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అప్పుడు మార్చండి. గేర్ ఆయిల్ కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగల్లేకుండా కారేదాకా. దించిన ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే సీలు పోయి నీళ్లు చేరాయి. స్క్రూల వాషర్లు ప్రతిసారీ కొత్తవి. మోటారు లోహానికి బదులు తాను తినబడే జింక్ ముక్క (ఆనోడ్) సగం కరిగితే మార్చండి, దాని మీద రంగు వేయకండి.

పడవ బయటికి తీయకపోయినా రెండు వారాలకోసారి దాన్ని జెట్టీకి గట్టిగా కట్టి, గేరు వేసి సగం థ్రాటిల్‌లో పావుగంట నడపండి. న్యూట్రల్‌లో గుడగుడలాడిస్తే ఇంజిన్ సరిగా వేడెక్కక ప్లగ్గుకు మసి పడుతుంది. పడవలో ఒక ప్లగ్గు, ఫ్యానుకు వేసే షియర్ పిన్ను, కాటర్ పిన్ను, కనెక్టర్ ఓ-రింగులు, అదనపు కిల్ స్విచ్ క్లిప్పు (ఊడితే ఇంజిన్ ఆగిపోయే క్లిప్పు) ఉంచుకోండి. మోటారు ఎంత లాగినా స్టార్ట్ కాకపోతే ఏదీ విప్పకముందే ఆ క్లిప్పు దాని చోట ఉందో లేదో చూడండి.