జడ్‌వీఎంలో నెట్‌వర్కింగ్ - 5వ పాఠం: పింగ్ వెళ్తోంది, జవాబే రావడం లేదు

జడ్‌వీఎం అంటే ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ మీద చాలా వర్చువల్ మెషిన్లను (వాటినే గెస్ట్‌లంటాం) నడిపే వ్యవస్థ. ఈసారి హైపర్‌సాకెట్స్ (మెయిన్‌ఫ్రేమ్ లోపలే నడిచే నెట్‌వర్క్) మొదలుపెడదామనుకున్నాను. నాలుగో పాఠం అభ్యాసం చేసినవాళ్లు పంపిన సందేహాలు చూశాక దాన్ని వాయిదా వేశాను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. నిక్ (గెస్ట్‌కిచ్చే వర్చువల్ నెట్‌వర్క్ కార్డు) మాయమైందన్నవాళ్లు కన్సోల్‌లో డిఫైన్ నిక్ కొట్టి ఊరుకున్నారు. గెస్ట్ లాగాఫ్ అయితే అదీ పోతుంది. అది శాశ్వతంగా ఉండాలంటే యూజర్ డైరెక్టరీలో నిక్‌డెఫ్ రాసుకోండి. కపుల్ చేయడానికి (నిక్‌ని వీస్విచ్‌కి, అంటే బయటి నెట్‌వర్క్‌కి కలిపే వర్చువల్ స్విచ్‌కి తగిలించడానికి) అనుమతి లేదని వస్తే, ఐపీఎల్‌తో (జడ్‌వీఎం రీబూట్‌తో) మీ గ్రాంట్ (ఆ అనుమతి) ఎగిరిపోయి ఉంటుంది. సిస్టమ్ కాన్ఫిగ్ ఫైల్లో మాడిఫై వీస్విచ్‌తో గ్రాంట్ ఇస్తే మళ్లీ మళ్లీ కొట్టక్కర్లేదు.

ఇక అసలు తలనొప్పి. పింగ్‌కి జవాబు రాకపోతే చాలామంది ‘మాస్కరేడ్ పెట్టాను సార్, పనిచేస్తోంది’ అని రాశారు (మాస్కరేడ్ అంటే ప్యాకెట్ మీద పంపినవారి చిరునామా మార్చేయడం). పనిచేయడం లేదు. పనిచేస్తున్నట్టు కనిపిస్తోంది, అంతే.

మన అమరిక గుర్తుందిగా. పెన్నా, గోదావరి, కృష్ణ మన మూడు లినక్స్ గెస్ట్‌లు. పెన్నా (10.20.0.11) లోపలి గెస్ట్ ల్యాన్‌లో (నేరుగా బయటికి దారి లేని వర్చువల్ నెట్‌వర్క్‌లో) ఉంది. గోదావరి (10.10.0.22) వీస్విచ్ మీద ఉంది. మధ్యలో కృష్ణ: 0700 నంబర్ నిక్‌తో లోపలికి 10.20.0.1, 0600 నిక్‌తో బయటికి 10.10.0.5. (యూజర్ ఐడీ ఇంగ్లిష్‌లో ఎనిమిది అక్షరాలు దాటకూడదు. గోదావరి సరిగ్గా సరిపోయింది, తుంగభద్ర పట్టలేదు.) వీస్విచ్ వెనుక అసలు రౌటర్ 10.10.0.1. కృష్ణలో ఐపీ ఫార్వర్డ్ 1 చేయడం (ఇతరుల ప్యాకెట్లను ముందుకు పంపేలా), పెన్నాకి గేట్‌వేగా 10.20.0.1 ఇవ్వడం మీకు వచ్చు.

పెన్నా నుంచి గోదావరికి పింగ్ కొట్టండి. ప్యాకెట్ కృష్ణ మీదుగా గోదావరికి చేరుతుంది, అనుమానం లేదు. పంపినవారి చిరునామా 10.20.0.11. గోదావరి జవాబు రాసి తన రౌటింగ్ టేబుల్ (ఏ చిరునామాకి ఏ దారో రాసి ఉండే పట్టిక) చూసుకుంటుంది. 10.20 అన్నది తన సబ్‌నెట్ కాదు, దానికి ప్రత్యేకంగా రౌట్ కూడా లేదు. కాబట్టి డిఫాల్ట్ గేట్‌వే 10.10.0.1కి ఇచ్చేస్తుంది. ఆ రౌటర్‌కి 10.20 ఊసే తెలియదు. జవాబు అక్కడితో సరి.

మాస్కరేడ్ పెడితే కృష్ణ ఆ ప్యాకెట్ మీద పెన్నా చిరునామా కొట్టేసి 10.10.0.5 అని తనది రాస్తుంది. జవాబు కృష్ణకి వస్తుంది, కృష్ణ పెన్నాకి అందిస్తుంది. మీరు సంతోషిస్తారు. ఇప్పుడు గోదావరి నుంచి పెన్నాకి పింగ్ కొట్టి చూడండి. పోదు. గోదావరి లాగ్ తెరవండి, ఎవరు వచ్చినా కృష్ణ పేరే. లోపల పది గెస్ట్‌లు ఉంటే ఏది గొడవ చేస్తోందో ఎలా పట్టుకుంటారు? పెన్నాని ఒక్కదాన్నే ఆపాలంటే ఫైర్‌వాల్‌లో ఏ చిరునామా రాస్తారు?

లేనిది తిరుగు రౌట్. గోదావరిలో ఇది కొట్టండి:

ఐపీ రౌట్ యాడ్ 10.20.0.0/24 వయా 10.10.0.5

మాస్కరేడ్ తీసేయండి, రెండు వైపులా పింగ్ పోతుంది. పోకపోతే ఊహించకండి, కృష్ణలో రెండు ఇంటర్‌ఫేస్‌ల మీదా టీసీపీడంప్ (వచ్చీపోయే ప్యాకెట్లను చూపే సాధనం) పెట్టండి. 0700లో వచ్చిన ప్యాకెట్ 0600లో బయటికి రాకపోతే తప్పు కృష్ణదే: ఫార్వర్డింగ్ లేదు, లేదా ఫైర్‌వాల్ అడ్డుకుంటోంది. బయటికి వెళ్లి జవాబు రాకపోతే తిరుగు రౌట్.

ప్రతి గెస్ట్‌లోనూ రౌట్ రాయడం బరువు కదా, అసలు రౌటర్‌లోనే ఒకసారి రాస్తే పోదా అని అడిగారు. సబబే. అయితే వీస్విచ్ లేయర్ 3లో ఉంటే అక్కడ ఇంకో అడ్డు ఉంది. లేయర్ 3లో ఓఎస్‌ఏ (మెయిన్‌ఫ్రేమ్ అసలు నెట్‌వర్క్) కార్డు గమ్యం ఐపీని చూసి ప్యాకెట్ ఎవరిదో నిర్ణయిస్తుంది. 10.20.0.11ని దాని దగ్గర ఎవరూ నమోదు చేయలేదు కాబట్టి బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ని పారేస్తుంది. క్వెరీ వీస్విచ్ జవాబు రెండో వరుసలో నాన్‌రౌటర్ అని ఉందంటే ఇదే సంగతి. వీస్విచ్‌ని ప్రైరౌటర్‌గా (ఎవరివో నమోదు కాని ప్యాకెట్లు తీసుకునే ప్రైమరీ రౌటర్‌గా) పెట్టాలి. కృష్ణలో 0600 క్యూఈటీహెచ్ (లినక్స్ నెట్‌వర్క్ డ్రైవర్) డివైస్ రౌట్4 సెట్టింగ్ విలువను ప్రైమరీ రౌటర్ చేయాలి. ఒకటి చేసి రెండోది మరిచిపోతే ఫలితం సున్నా. అదే ఓఎస్‌ఏ పోర్టుని పంచుకుంటున్న వేరే ఎల్‌పార్ (మెయిన్‌ఫ్రేమ్‌లో విడిగా నడిచే మరో భాగం) ముందే ప్రైమరీ రౌటర్ అయి కూర్చుంటే మీకు ఆ స్థానం దొరకదు.

నేనైతే ఈ గొడవంతా లేకుండా వీస్విచ్‌ని ఈథర్‌నెట్ అని, అంటే లేయర్ 2గా డిఫైన్ చేస్తాను. అక్కడ లెక్క మ్యాక్ (నెట్‌వర్క్ కార్డు) చిరునామాది, ప్రైరౌటర్ ఊసు లేదు. టీసీపీడంప్ కూడా మామూలు సర్వర్‌లో లాగే కనిపిస్తుంది. ఒకటే షరతు: లినక్స్‌లో ఆ డివైస్ లేయర్2 విలువ 1 ఉండాలి, దాన్ని ఆఫ్‌లైన్‌లో ఉండగానే మార్చాలి.

అభ్యాసం: మంజీర అనే నాలుగో గెస్ట్‌ని 10.30.0.0/24 అనే మరో గెస్ట్ ల్యాన్‌లో పెట్టి, దాన్నీ కృష్ణకే కలపండి. మాస్కరేడ్ లేకుండా నలుగురూ ఒకరికొకరు అందాలి. ఆ తర్వాత వీస్విచ్‌కి ఐసొలేషన్ (దాని మీది గెస్ట్‌లను ఒకదాన్నుంచి ఒకటి విడదీసేది) ఆన్ చేస్తే ఏ పింగ్‌లు ఆగుతాయో, ఏవి ఆగవో, ఎందుకో ముందే కాగితం మీద రాసి, అప్పుడు కమాండ్ కొట్టండి. కాగితం ఫోటో కూడా పంపండి, కొట్టివేతలతో సహా.