పాత డాస్ సిస్టమ్‌కి స్టార్టప్ మెనూ పెట్టుకోండిలా

మా చిత్తూరు వైపు తోతాపురి సీజన్లో వేబ్రిడ్జి ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నప్పుడు, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏ ప్రోగ్రాం ఎక్కించాలా అని ఆపరేటర్ వెతుక్కుంటూ కూర్చుంటే రైతులు ఊరుకోరు. మీ దగ్గర ఇంకా ఎంఎస్-డాస్ (విండోస్‌కి ముందునాటి ఆపరేటింగ్ సిస్టమ్) నడుస్తుంటే, ఆన్ చేయగానే ఏది కావాలో అడిగే మెనూ పెట్టేయండి. 1993లో వచ్చిన 6.0 నుంచి ఈ సదుపాయం డాస్‌లోనే ఉంది. ‘వెర్’ అని కొడితే వెర్షన్ చూపిస్తుంది, 5 అని వస్తే ఇది పనిచేయదు.

ముందు ‘ఫార్మాట్ ఎ: /ఎస్’తో బూట్ ఫ్లాపీ ఒకటి చేసి, కాన్ఫిగ్.సిస్, ఆటోఎగ్జెక్.బ్యాట్ (ఆన్ అవగానే డాస్ చదివే రెండు ఫైళ్లు) అందులోకి కాపీ చేసుకోండి. ఇది మాత్రం ఎగ్గొట్టొద్దు. తర్వాత ‘ఎడిట్’లో కాన్ఫిగ్.సిస్ తెరిచి ఇలా రాయండి (కొట్టేది ఇంగ్లీషు అక్షరాల్లోనే సుమా):

[మెనూ]
మెనూఐటెమ్=కాటా,తూకం బిల్లు
మెనూఐటెమ్=లెక్కలు,అకౌంట్లు
మెనూడిఫాల్ట్=కాటా,10
[కామన్]
డివైస్=సి:\డాస్\హైమెమ్.సిస్
డాస్=హై,యూఎంబి
ఫైల్స్=40
[కాటా]
డివైస్=సి:\డాస్\ఈఎంఎం386.ఈఎక్స్ఈ నోఈఎంఎస్
[లెక్కలు]
డివైస్=సి:\డాస్\ఈఎంఎం386.ఈఎక్స్ఈ ర్యామ్
[కామన్]

అసలు పనంతా మెనూడిఫాల్ట్ లైనుదే. పది సెకన్లలో ఎవరూ ఏమీ నొక్కకపోతే సిస్టమే కాటాలోకి వెళ్లిపోతుంది, ఆపరేటర్ టీకి వెళ్లినా టెన్షన్ లేదు. 90 దాకా పెట్టొచ్చు గానీ అంతసేపు ఎందుకు? సున్నా పెడితే మాత్రం మెనూ కనబడకుండానే దాటిపోతుంది. నోఈఎంఎస్ పెడితే పేజ్ ఫ్రేమ్‌కి (ఎక్స్‌పాండెడ్ మెమరీ అనే అదనపు మెమరీని అందుకునే కిటికీ) పోయే 64 కేబీ పై మెమరీలో మిగులుతుంది, డ్రైవర్లను అక్కడికి ఎక్కిస్తే ప్రోగ్రాంలు నడిచే మొదటి 640 కేబీలో చోటు దొరుకుతుంది. పాత లోటస్ 1-2-3 (లెక్కల పట్టికల ప్రోగ్రాం) లాంటివి ఎక్స్‌పాండెడ్ మెమరీ అడుగుతాయి కాబట్టి లెక్కలకి ర్యామ్. చివర్లో ఖాళీ కామన్ ఎందుకంటే, కొత్తగా ఏదైనా ఇన్‌స్టాల్ చేస్తే అది తన లైన్లను ఫైలు అడుగున చేరుస్తుంది, అవి రెండింటికీ వర్తించాలి కదా.

ఇక ఆటోఎగ్జెక్.బ్యాట్. మెనూలో మీరు ఎంచుకున్న పేరును డాస్ కాన్ఫిగ్ అనే వేరియబుల్‌లో గుర్తుపెట్టుకుంటుంది. పాత్, ప్రాంప్ట్ లాంటివి పైన ఉంచి, కింద ‘గోటూ %కాన్ఫిగ్%’ రాసి, ‘:కాటా’, ‘:లెక్కలు’ అని లేబుళ్లు పెట్టి వాటి కింద ఆయా ప్రోగ్రాంలు, ప్రతిదాని చివర ‘గోటూ ఎండ్’, అన్నిటికంటే అడుగున ‘:ఎండ్’. ఆ గోటూ మరిచిపోతే తూకం ప్రోగ్రాం మూయగానే అకౌంట్లు తెరుచుకుంటాయి. పిలిచేది ఇంకో బ్యాచ్ ఫైలైతే ముందు ‘కాల్’ పెట్టాలి.

బూట్ అయ్యేటప్పుడు ఎక్కడైనా ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేసి, ‘స్టార్టింగ్ ఎంఎస్-డాస్’ అని కనబడగానే ఎఫ్8 నొక్కండి, కాన్ఫిగ్.సిస్‌లో ఒక్కో లైనూ అడిగి నడుపుతుంది. ఎఫ్5 అయితే రెండు ఫైళ్లనీ వదిలేస్తుంది. ఆపరేటర్ కనబడిన కీ అల్లా నొక్కే రకమైతే ‘స్విచెస్=/ఎన్’ అని మొదటి కామన్‌లో పెడితే ఈ రెండు కీలూ పనిచేయవు, కానీ మెనూ బాగా కుదిరాకే ఆ లైను చేర్చండి.