పొదుగు గుడ్లను పార్సిలులో పంపడం: నా అనుభవం

గుంటూరులో మా పెరటి అసిల్ కోళ్ళ గుడ్లను అనంతపురంలోని మా బావగారికి తపాలాలో మొదటిసారి పంపినప్పుడు, డజనులో మూడు పగిలిపోగా, మిగిలినవాటిలో ఒక్కటీ పిల్ల కాలేదు. పగలని గుడ్లను టార్చి వెలుతురులో చూస్తే, లావు కొనలో కదలకుండా ఉండవలసిన గాలి గది తాపీమేస్త్రి రసమట్టంలోని బుడగలా అటూ ఇటూ జారుతోందని ఆయన ఫోనులో చెప్పారు. అంటే దోషం పుంజుది కాదు, పెట్టెలో గుడ్ల చుట్టూ నేను పోసిన ఊకది. దారి కుదుపులకు అది అడుగుకు దిగిపోయి, గుడ్లు ఒకదానికొకటి తగిలాయి.

రెండవసారి వారం దాటని, కడగని గుడ్లను మాత్రమే ఎంచి, ఒక్కొక్కదానికి బబుల్ షీటు చుట్టి, సన్న కొన కిందికి వచ్చేలా అట్టపెట్టె గళ్ళలో నిలబెట్టి, దానిని మరో పెద్ద పెట్టెలో ఉంచి, చుట్టూ నలిపిన పాత పేపర్లు బిగించాను. మూత వేశాక చెవి దగ్గర మెల్లగా ఊపితే చప్పుడు రాకూడదు. నాకు వచ్చింది, మళ్ళీ విప్పి మరో రెండు పేపర్లు కూరాను. గుంటూరు ఎండల సంగతి తెలిసిందే కనుక వేసవి వదిలి డిసెంబరులో పంపాను. చేరిన వెంటనే పొదగవేయకుండా, 24 గంటలపాటు లావు కొన పైకి ఉంచి కదపవద్దని బావగారికి మరీ మరీ చెప్పాను. పొదగవేసిన 21వ రోజుకు పన్నెండింటిలో ఏడు పిల్లలయ్యాయి.