స్పీకర్లకు ఆంప్లిఫయర్ కలిపే ముందు

ముందు స్పీకర్ వెనుక రాసిన ఓమ్‌ల సంఖ్య, అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు ఎంతో, చూడండి. 8 అయితే చిక్కు తక్కువ. 4 అని ఉంటే మాత్రం అడ్డు తగ్గి కరెంటు ఎక్కువ లాగుతుంది, కాబట్టి మీ ఆంప్లిఫయర్ ఆ భారాన్ని మోయగలదని దానితో వచ్చిన పుస్తకంలో ఉందో లేదో వెతకండి. వాట్లు ఎన్ని ఓమ్‌ల దగ్గర లెక్కగట్టారో కూడా చదవాలి. పెట్టె మీద పెద్ద అక్షరాల్లో మెరిసే అంకెను నేనైతే నమ్మను.

తర్వాత సెన్సిటివిటీ, అంటే ఒక్క వాటుకు స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో డెసిబెల్‌లలో చెప్పే అంకె. ప్రతి 3 డెసిబెల్‌ల తేడాకు వాట్లు రెట్టింపు కావాలి. 90 డెసిబెల్‌ల స్పీకర్ 10 వాట్లతో మోగినంత గట్టిగా 84 డెసిబెల్‌ల స్పీకర్ మోగాలంటే 40 వాట్లు కావాలి.

చిన్న ఆంప్లిఫయర్ అయితే స్పీకర్‌కు భయం లేదనుకోవద్దు. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే శబ్ద తరంగాల శిఖరాలు తెగి, దాంతో పుట్టే వేడికి ట్వీటర్ (స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే చిన్న భాగం) కాలిపోవచ్చు. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి పెళ్లి సందడిలో నా ట్వీటర్ పోయింది అలాగే. తిప్పింది నేనే. శబ్దం గరగరలాడగానే తగ్గించాల్సింది.

మే నెలలో నల్లగొండ గదుల వేడి తెలిసిందే. ఆంప్లిఫయర్ పైన జానెడు ఖాళీ వదలండి. అందం కోసం అల్లిక గుడ్డ కప్పే అలవాటు ఇంట్లో ఉంటే, ఎవరు ఎంత ముచ్చటపడి అల్లినా సరే, తీసేయండి.

తీగలు బిగించే ముందు ప్లగ్గు పీకండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. విడిపోయిన ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌ను తాకినా షార్ట్ అవుతుంది. వాల్యూమ్ సున్నా దగ్గర ఉంచి ఆన్ చేయండి.