మహమ్మారి కాలంలో ఊరి భారతాన్ని జరపడం ఎలా

చిత్తూరు, తిరుపతి పరిసరాల్లోని ధర్మరాజ, ద్రౌపదీ ఆలయాల దగ్గర వేసవిలో జరిగే మహాభారత ఉత్సవాలు చాలా ఊళ్లలో 18 రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యలో బకాసుర వధ, ద్రౌపదీ కల్యాణం, అర్జున తపస్సు, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం, ధర్మరాజు పట్టాభిషేకం అందరికీ తెలిసినవే. కరోనా వంటి గాలి ద్వారా సోకే జబ్బు వ్యాపించిన ఏడాది ఉత్సవం జరపాలా, మానాలా అన్నది పెద్దలు ఒక్క మాటలో తేల్చేయబోతారు. అన్ని రోజులకూ ఒకే నిర్ణయం సరిపోదు. కార్యక్రమాన్ని కాగితంమీద రోజువారీగా విడదీసి, ప్రతి ఘట్టానికీ ఎదురుగా మూడు సంగతులు రాసుకోవాలి: జనం ఎక్కడ తోసుకుంటారు, ఎక్కడ గొంతెత్తి పాడతారు లేదా అరుస్తారు, ఎక్కడ మాస్కు తీసి తింటారు. ఈ మూడింటిలో ఏదీ లేని ఘట్టాన్ని దూరం పాటిస్తూ జరుపుకోవచ్చు. ఏదైనా ఒకటి ఉంటే ఆ భాగాన్ని మార్చాలి. మూడూ ఒకేచోట కలిస్తే దాన్ని అర్చకులకూ, కంకణం కట్టుకున్నవారికీ పరిమితం చేయాలి.

అలా పరిమితం చేయడం ఆచారానికి విరుద్ధమని ఎవరైనా అంటే తిరుమలనే చూపవచ్చు. 2020 మార్చి 20 నుంచి అక్కడ భక్తులకు దర్శనాలు నిలిపివేసినా స్వామివారి నిత్య కైంకర్యాలు ఆగలేదు. ఆ సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలను మాడవీధుల్లో వాహన సేవలు లేకుండా, ఆలయం లోపలే ఏకాంతంగా నిర్వహించి, టీవీలో ప్రసారం చేశారు. కొండమీద చెల్లినది మన ఊరి ద్రౌపదమ్మ దగ్గరా చెల్లుతుంది.

అనుమతి

జన పరిమితిని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, అది నెలనెలా మారుతుంది. 2020 సెప్టెంబరు 21 నుంచి 100 మంది వరకు అనుమతించిన కేంద్రం, అక్టోబరులో మూసిన హాళ్లకు సగం సామర్థ్యం, గరిష్ఠంగా 200 మంది అని నిబంధన పెట్టి, బయలు ప్రదేశాలకు స్థలం వైశాల్యాన్ని బట్టి సంఖ్యను తేల్చుకోమంది. అందువల్ల పాత ఉత్తర్వును నమ్ముకోకుండా, అమల్లో ఉన్నదేమిటో గ్రామ సచివాలయంలోనూ పోలీసు స్టేషన్‌లోనూ అడిగి, అనుమతిని రాతపూర్వకంగా తీసుకోవాలి. ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్తలను మొదటి సమావేశానికే పిలవండి. ఊళ్లో ఏ ఇంట్లో జ్వరం ఉందో వారికి తెలిసినంతగా ఉభయదారులకు (ఉత్సవం ఖర్చు భరించే దాతలకు) తెలియదు.

నాటకం ఆడే చోటు

ఇద్దరి మధ్య ఆరడుగులు ఉండాలంటే మనిషికి 36 చదరపు అడుగులు కావాలి. 60 అడుగుల వెడల్పు, 120 అడుగుల పొడవు ఉన్న బయలులో 7,200 చదరపు అడుగులుంటాయి. అందులో మూడోవంతు ఆట స్థలానికీ నడక దారులకూ పోతే మిగిలినచోట 133 మందికి మించి కూర్చోలేరు. ఒకే ఇంటివారిని విడదీయనక్కర లేదు కనుక, సున్నంతో మనిషికో గుండ్రం గీసే బదులు ఇంటికో గడి గీసి, గడికీ గడికీ మధ్య ఆరడుగులు వదిలితే నేల కలిసివస్తుంది. మిగతా జనం కోసం వీధికో రోజు కేటాయించి, ఆ సంగతి ముందే చాటింపు వేయించాలి.

షామియానా వేస్తే పక్క గుడ్డలు కట్టవద్దు. మూడు వైపులా గుడ్డ కట్టిన షామియానా తలుపులు మూసిన గదికి ఏమంత తీసిపోదు. ఫ్యాన్లు ఆటగాళ్ల వెనుక నుంచి జనం మీదికి కాకుండా, పక్క నుంచి బయటికి వీచేలా నిలపాలి. తిరుపతి మహతి వంటి మూసిన ఆడిటోరియంలో కచేరీ పెట్టేవారికి ఈ గాలి సంగతి మరీ ముఖ్యం. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాలకు 420) ఉంటుంది, జనం వదిలే ఊపిరితో హాలులో అది పెరుగుతుంది. హాలులో పెట్టిన మీటరు 800 దాటి పైకి పోతోందంటే బయటి గాలి చాలడం లేదని అర్థం. అప్పుడు తలుపులు తెరవాలి, లేదా జనాన్ని తగ్గించాలి.

నాటకంలో అసలు చిక్కు పాటతోనే వస్తుంది. 2020 మార్చి 10న అమెరికాలోని స్కాజిట్ కౌంటీలో రెండున్నర గంటలు సాగిన ఒక బృందగాన సాధనకు 61 మంది హాజరయ్యారు. అప్పటికే జబ్బు లక్షణాలున్న ఒకరు వారిలో ఉన్నారు. నిర్ధారణ అయినవీ అనుమానించినవీ కలిపి మరో 52 మందికి జబ్బు సోకింది, ఇద్దరు చనిపోయారు. గొంతు పెంచేకొద్దీ నోటి నుంచి వెలువడే తుంపరలు పెరుగుతాయి. కాబట్టి మైకు శబ్దం పెంచి గొంతు తగ్గించుకోమని కళాకారులకు చెప్పాలి. పద్యానికి ఊపిరి బిగబట్టి రాగం తీసే అలవాటున్నవారు మొదట ఒప్పుకోరు, ఒక పూట సాధనలో వినిపిస్తే ఒప్పుకుంటారు. వంతపాటవారు భుజాలు ఆనించి నిలబడకుండా, మద్దెలకు అటొకరు ఇటొకరుగా ఉండాలి. ఒకే మైకు చేతులు మారకూడదు. చాలినన్ని లేకపోతే స్పాంజి తొడుగులైనా మనిషికొకటి ఇవ్వాలి. మొదటి వరుసను ఆట స్థలానికి కనీసం 12 అడుగుల దూరంలో కూర్చోబెట్టడం మంచిది, ఎందుకంటే వేషం కట్టినవారికి మాస్కు ఉండదు.

వేషాలు వేసుకునే చోటును చాలామంది మరిచిపోతారు. బడిలో ఒక గది తాళం తీయించి, పదిమందీ అందులోనే ఒక అద్దం చుట్టూ చేరి గంటలకొద్దీ రంగులు పూసుకుంటారు. ఆ పనిని వరండాలోకో చెట్టు కిందికో మార్చి, ఎవరి రంగులు, ఎవరి గుడ్డ వారికే ఉంచాలి. తెల్లవార్లూ ఆడే ఆటను సాయంత్రం మొదలుపెట్టి రాత్రి పదికి ముగిస్తే, మైకు నిబంధనతోనూ పేచీ ఉండదు.

హరికథకు ఇంత శ్రమ అక్కరలేదు. గుడి మైకుకు వీధివీధికీ గొట్టం స్పీకర్లు కట్టిస్తే ఎవరి అరుగుమీద వారు కూర్చుని వింటారు. ముసలివారికి, చక్కెర వ్యాధి ఉన్నవారికి ఇదే మేలు.

తపస్సు మాను, అగ్నిగుండం

అర్జునుడి వేషధారి పద్యాలు పాడుతూ, నిలువుగా పాతిన మాను ఎక్కి, పైనుంచి విభూతి, నిమ్మపండ్లు విసురుతుంటే, సంతానం కోరే స్త్రీలు తడి బట్టలతో కింద వరపడతారు, అంటే వరం కోరుతూ నేలమీద సాగిలపడతారు. వారి చుట్టూ బంధువులు, వారి వెనుక ఊరంతా. ఉత్సవం మొత్తంలో అతి ప్రమాదకరమైన గంట ఇదే. వరపడేవారి పేర్లు ముందుగా రాసుకుని టోకెన్లు ఇచ్చి, మాను చుట్టూ తాడు కట్టి, లోపల ఆరడుగుల ఎడంతో చాపలు పరచి, ఒక్కొక్కరికి తోడుగా ఒక్కరినే అనుమతించాలి. పండ్లను పైనుంచి విసరకుండా, పూజ చేయించి పొట్లాలుగా చాప దగ్గరికే అందించాలి. విసిరితే ఎగబడకుండా ఆపడం ఎవరివల్లా కాదు. తడిసిన మాస్కు ఊపిరిని అడ్డుకుంటుందే తప్ప వడకట్టదు, అందుచేత స్నానమయ్యాక ప్రతి స్త్రీకీ పొడి మాస్కు ఇవ్వడం వలంటీర్ల పనుల జాబితాలో విడిగా రాసి పెట్టాలి.

అగ్నిగుండం దగ్గర శానిటైజర్ సీసా కనిపించకూడదు. అందులో 60 శాతానికి పైగా ఆల్కహాలు ఉంటుంది, అంటుకుంటే పగటి వెలుగులో ఆ మంట సరిగా కంటికి ఆనదు. సబ్బు, నీళ్లు పెట్టించండి. సర్జికల్ మాస్కు ప్లాస్టిక్ దారాలతో చేసినది కనుక వేడికి కరుగుతుంది. గుండం తొక్కేవారు దాన్ని తీసివేసి, దూరదూరంగా ఒక్కొక్కరే రావాలి. హారతి పళ్లేన్ని జనంలో తిప్పడం ఆ ఏటికి మానుకోవాలి.

దుర్యోధన వధకు మట్టిబొమ్మ చుట్టూ తాడు కట్టి, వేషధారులను తప్ప ఎవరినీ లోపలికి రానీయకూడదు. ఆ మట్టిని ఇంటికి తీసుకువెళ్లే ఆచారమున్న చోట వీధిపెద్దల చేత పంపించవచ్చు.

అన్నదానం, ఆరోగ్యం, డబ్బు

పంక్తి భోజనాలు వద్దు. పులిహోర పొట్లాలు వెళ్లే దారిలో ఇచ్చి, ఇంటికి వెళ్లి తినమనాలి.

ప్రవేశం దగ్గర నుదుటికి పెట్టే థర్మల్ గన్‌ను చూసి ధైర్యపడకండి. కోవిడ్ సోకినవారు లక్షణాలు బయటపడకముందే, ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలరు, అప్పటికి జ్వరమూ ఉండదు. దానికన్నా ఇంటికొకరి ఫోను నంబరు, కూర్చున్న గడి సంఖ్య రాసిన పుస్తకం ఎక్కువ ఉపయోగపడుతుంది. దాన్ని చివరి రోజు తర్వాత 14 రోజులు భద్రపరచి, ఆ తర్వాత చింపివేయాలి.

కళాకారులతో రాసుకునే ఒప్పందంలో రెండు మాటలు తప్పక చేర్చాలి. ఒంట్లో బాగాలేదని ఆగిపోయిన కళాకారుడికి ఆ రోజు కూలి కోత పడకూడదు, లేకపోతే జ్వరాన్ని దాచుకుని వేషం కడతాడు. అధికారుల ఉత్తర్వుతో ఉత్సవం మధ్యలో ఆగితే బయానా తిరిగి అడగకుండా, ఆడిన రోజులకు పూర్తిగానూ మిగిలిన రోజులకు ఎంతో కొంతగానూ ఇచ్చేలా ఉభయదారులు ముందే సొమ్ము పోగుచేసి పక్కన పెట్టాలి.