వాయుగుండం చదవడం నేర్చుకుందాం – 3: సుడి ఎట్లా మొదలవుతుంది?

పోయిన పాఠంలో అల్పపీడనం (చుట్టుపక్కల కంటే గాలి ఒత్తిడి తగ్గిన చోటు) దాకా వచ్చి ఆగాం. ఇవాళ అది తిరగడం ఎట్లా మొదలుపెడుతుందో చూద్దాం. నల్గొండలో కూర్చుని సముద్రం ముచ్చట మనకెందుకు అనేవాళ్లు అక్టోబర్ చివర్లో ఒకసారి ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్లండి, వడ్ల కుప్పల మీద పట్టాలు కప్పుతూ మధ్యమధ్యలో ఫోన్‌లో వాతావరణం చూసుకునే రైతులు కనిపిస్తారు.

ముందు ఇంధనం సంగతి. ఎండాకాలం రంజన్‌లో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? కుండ బయటికి ఊరిన తడి ఆవిరైపోతూ నీళ్లలోని వేడిని పట్టుకుపోతుంది. ఆ వేడి మాయమైపోదు, ఆవిరిలోనే దాగి ఉంటుంది, పైకి పోయి మళ్లీ నీటి చుక్కగా మారినప్పుడు బయటపడుతుంది. అదెంత వేడో తెలియాలంటే, లీటరు చన్నీళ్లు మరగడానికి పట్టే వేడి కంటే ఆ మరిగే నీళ్లు మొత్తం ఆవిరైపోవడానికి ఆరు రెట్లకు పైనే కావాలి. ఇక బంగాళాఖాతమంత రంజన్‌ను ఊహించుకోండి. పై 50 మీటర్ల లోతు వరకు నీళ్లు దాదాపు 26.5 డిగ్రీలు దాటి ఉంటే ఆవిరికి కొదవుండదు. మేఘంలో విడుదలైన వేడికి గాలి తేలికై లేస్తుంది, కింద పీడనం ఇంకా పడిపోతుంది, చుట్టూ ఉన్న గాలి అటు ఉరుకుతుంది, వస్తూ వస్తూ సముద్రం మీది ఆవిరిని ఎత్తుకొస్తుంది. తన కట్టెలు తానే ఏరుకునే పొయ్యి అన్నమాట.

మరి ఉరికొచ్చిన గాలి నేరుగా నడిమధ్యకు పోయి ఆ లోటు నింపేయొచ్చు కదా? భూమి తిరుగుతోంది కాబట్టి కుదరదు. మన ఉత్తరార్ధగోళంలో గాలి పోతున్న దారికి కుడివైపు ఒరుగుతుంది. కాగితం మీద చుక్క పెట్టి, నాలుగు దిక్కుల నుంచి దానివైపు బాణాలు గీసి, ఒక్కోదాన్ని దాని కుడికి కొంచెం వంచండి. ఏదీ చుక్కను తగలదు, పక్కనుంచి పోతుంది, నాలుగూ కలిసి గుడి ప్రదక్షిణకు ఎదురు దిశలో సుడి కడతాయి. గాలి కుడికి ఒరిగితే సుడి ఎడమకెందుకు తిరుగుతుందని నేను రెండు రోజులు తల పట్టుకున్నా, బొమ్మ గీశాకే అర్థమైంది. మీరూ గీయకుండా ముందుకు పోకండి. భూమధ్యరేఖ దగ్గర ఈ ఒరుగుడు దాదాపు ఉండదు, అందుకే 5 డిగ్రీల లోపల తుపాన్లు చాలా అరుదు. (వాష్‌బేసిన్‌లో నీళ్లు తిరిగేదీ ఇందుకే అని వీడియోలు వస్తుంటాయి, నమ్మకండి. అంత చిన్న గిన్నెలో ఈ ప్రభావం లెక్కలోకే రాదు.)

వేగం ఎట్లా పెరుగుతుంది? ఒప్పులకుప్ప ఆడుతూ ఇద్దరూ చేతులు మడిచి దగ్గరికి జరిగితే గిర్రున తిరుగుతారే, అట్లాగే. దూరం నుంచి మెల్లగా తిరుగుతూ వచ్చిన గాలి మధ్యకు చేరేకొద్దీ జోరందుకుంటుంది.

జులై, ఆగస్టుల్లో సముద్రం వెచ్చగానే ఉంటుంది, అయినా పెద్ద తుపాన్లు రావు. రుతుపవనాలప్పుడు కింద పడమటి గాలి, పైన తూర్పు గాలి గట్టిగా వీస్తూ మేఘం తలను ఒకవైపు, కాళ్లను ఒకవైపు లాగుతాయి, వేడి ఒకచోట కుప్పపడదు. అందుకే మన తుపాన్లు ఎక్కువగా రుతుపవనాలకు ముందూ, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకానూ.

గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 అయితే తుపాను, పేరు అప్పుడే పెడతారు. మనకు మాత్రం పేరు చూసి టెన్షన్ పడటం దండగ, ఎందుకంటే అవి గాలి లెక్కలు, వాన లెక్కలు కావు. 2020 అక్టోబర్‌లో కాకినాడ దగ్గర తీరం దాటి హైదరాబాద్‌ను ముంచింది పేరు లేని తీవ్ర వాయుగుండమే.

ఇక ఇంటిపని. ఈసారి వాయుగుండం వార్త రాగానే డాబా ఎక్కి గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి చాపండి. దాని కేంద్రం దాదాపు అటువైపు, కాస్త ముందుకు ఉంటుంది. ఉత్తరపు గాలి అయితే చెయ్యి తూర్పును, అంటే బంగాళాఖాతాన్ని చూపిస్తుంది. ఆ గాలి పడమటికి మారితే చెయ్యి ఉత్తరం చూపిస్తుంది, గుండం మన పైభాగానికి పోయిందన్నమాట. పట్టాలు తీసే ముందు మాత్రం రాడార్ బొమ్మ కూడా చూసుకోండి.